మాటల మూట: పాద్రీగారు ఏ ఓడ దిగారు?

ప్రశ్న: ఫిలిప్పీన్స్‌లో మెడిసిన్ చదువుతున్న మా అమ్మాయి ఫోన్ చేసినప్పుడల్లా అక్కడి మాటలు ఒకటో రెండో చెబుతుంది. చర్చి ఫాదర్‌ని ‘పారి’ అంటారట, స్నేహితుణ్ణి ‘పారె’ అంటారట. అమెరికాలో మా బంధువులు అభిమానించే బేస్‌బాల్ జట్టు పేరేమో ‘పాద్రేస్’. మనం పాద్రీ అంటాం. ఇవన్నీ లాటిన్‌లో పుట్టి స్పానిష్ మీదుగా పాకిన ఒకే మాట అని చదివాను. నిజమేనా? అయితే మన పాద్రీ కూడా స్పానిష్ మాటేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, వాటన్నిటికీ చుట్టరికం ఉంది. కానీ మన పాద్రీ స్పానిష్ ఓడ దిగలేదు, వాళ్ళ పక్కింటివాళ్ళ ఓడ దిగాడు. ఆ సంగతికి వచ్చేముందు ఈ మాట దగ్గర నా పరువు ఎలా పోయిందో చెప్పేస్తాను.

1980ల్లో నేను సరుకు ఓడల మీద రేడియో ఆఫీసర్‌ని. నా మొదటి ఓడలో సిబ్బంది సగానికి పైగా ఫిలిప్పీన్స్ వాళ్ళే. డెక్కు మీద పనివాళ్ళకి పెద్దని బోసన్ అంటారు. మా బోసన్ ఎప్పుడూ వంటాయన్ని ‘పారె’ అని పిలిచేవాడు. అప్పటికి నేను స్పానిష్ నేర్పే పుస్తకం ఒకటి కొని రెండు పాఠాలు చదివి ఉన్నాను. పారె అంటే పాద్రె కదా, అంటే ఈయన పూర్వాశ్రమంలో చర్చి ఫాదర్ అయివుంటాడు, ఏదో కష్టం వచ్చి గరిటె పట్టాడు అని నాలో నేనే కథ అల్లేసుకున్నాను. ఆయన ఎదురైతే సిగరెట్ వెనక్కి దాచేవాణ్ణి. అన్నం మాడినా మెచ్చుకునేవాణ్ణి. ఒక రాత్రి బోసన్ రేడియో గదికి వచ్చి, “పారె, ఇంటికి టెలిగ్రాం పంపాలి” అన్నాడు. నేను ఏ మఠంలోనూ చేరలేదని నాకు తెలుసు కాబట్టి, అప్పుడు అడిగాను. ఆయన కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. తెల్లారేసరికి ఓడంతా తెలిసిపోయింది. వంటాయన మాత్రం ఆ తర్వాత కూడా నాకు ఒక ముక్క ఎక్కువే వడ్డించేవాడు.

పారె అంటే మనం ‘ఏం గురూ’ అన్నట్టు. పారి, పారె రెండూ పాద్రె పిల్లలే గానీ వచ్చిన దారులు వేరు. పారి నేరుగా పాద్రె నుంచి. పారె మాత్రం ‘కొంపాద్రె’ నుంచి. బిడ్డకి జ్ఞానస్నానం ఇప్పించేటప్పుడు ఒక పెద్దమనిషి జ్ఞానపితగా నిలబడతాడు. కన్నతండ్రికీ ఈ జ్ఞానపితకీ మధ్య ఏర్పడే వరసకి స్పానిష్‌లో కొంపాద్రె అని పేరు. తోటి తండ్రి అని అర్థం. మన వియ్యంకుల వరసలాంటిదే, కాకపోతే పెళ్ళి బదులు జ్ఞానస్నానం కలుపుతుంది. ఫిలిప్పీన్స్‌లోని తగలోగ్ భాషలో అది ‘కుంపారె’ అయింది, తర్వాత ముందుముక్క ఊడిపోయి ‘పారె’ మిగిలింది. ఆడవాళ్ళకి కొమాద్రె, కుమారె, మారె. ఇప్పుడు జ్ఞానస్నానాలతో పనిలేకుండా కుర్రాళ్ళందరూ పారెలే. గురువుగారు మన నోట గురూ అయ్యాడు కదా, అదే కథ.

ఇక లాటిన్. అక్కడ తండ్రి ‘పతెర్’. ‘తండ్రిని’ అనాలంటే ‘పత్రెం’. స్పానిష్, పోర్చుగీసు, ఇటాలియన్ నామవాచకాలు చాలావరకు ఈ రెండో విభక్తి రూపాల నుంచే వచ్చాయి. చివరి మకారం జనం నోట ఎప్పుడో రాలిపోయింది. త కాస్తా ద అయింది. బడిలో సరళాదేశ సంధి బట్టీ కొట్టినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు: పరుషాలకు సరళాలు. లాటిన్‌లో స్నేహితుడు ‘అమీకుస్’, స్పానిష్‌లో ‘అమీగో’. క పోయి గ వచ్చింది. తోడేలు ‘లుపుస్’ వెళ్ళి ‘లోబో’ అయింది. ప పోయి బ. అదే లెక్కన పత్రెం, పాద్రె. మన దగ్గర అది ద్రుతం చేసే పని, అక్కడ అచ్చుల మధ్య నలగడం వల్ల జరిగిన పని. మెత్తబడిన వరస మాత్రం ఒకటే. ఫ్రెంచివాళ్ళు ఇంకా అరగదీసి ద కూడా మింగేసి ‘పేర్’ దగ్గర ఆగారు.

మతపెద్దని తండ్రి అనడం లాటిన్‌వాళ్ళు కనిపెట్టింది కాదు. 4వ శతాబ్దంలో ఈజిప్టు ఎడారుల్లో ఉన్న క్రైస్తవ సన్యాసులు తమ పెద్దల్ని అరమాయిక్ మాటతో ‘అబ్బా’ అని పిలిచేవారు, అంటే నాన్నా అని. అది లాటిన్‌లో అబ్బాస్, స్పానిష్‌లో అబాద్, ఇంగ్లీషులో ఆబట్ అయింది. మనకీ అయ్య అంటే నాన్న, అయ్యవారంటే గురువు. కాబట్టి ఆశ్చర్యపోవలసింది పిలుపు గురించి కాదు, అది ప్రయాణం చేసిన తీరు గురించి.

స్పెయిన్‌లో, ఇటలీలో పాద్రె అనేది ముఖ్యంగా మఠాల్లో చేరిన గురువుల బిరుదు. ఏ మఠానికీ చెందకుండా బిషప్ కింద ఊరి చర్చి చూసుకునేవాళ్ళని ‘దోన్’ అనేవారు. అది లాటిన్ ‘దోమినుస్’, అంటే యజమాని. ఇటలీలో ఈ తేడా ఇప్పటికీ పాటిస్తారు. డాన్ బోస్కో పేరులోని డాన్ అదే. మాఫియా డాన్ కూడా అదే, ఏం చేస్తాం. సముద్రాలు దాటి మతప్రచారానికి వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది మఠాలవాళ్ళు: ఫ్రాన్సిస్కన్లు, అగస్తీనియన్లు, దొమినికన్లు, జెస్యూట్లు. అందుకే ఆ పనికి గుర్తుగా దూరదేశాల భాషల్లో దిగింది పాద్రె, దోన్ కాదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. స్పానిష్‌లోనూ పాద్రె, పోర్చుగీసులోనూ పాద్రె, రాతలో ఒక్క అక్షరం తేడా లేదు. అలాంటప్పుడు ఏ భాష ఎవరి దగ్గర తీసుకుందో చెప్పాలంటే మాటని చూసి లాభం లేదు, ఓడల దారి చూడాలి. నిఘంటువులు తిరగేసేవాళ్ళు దీన్ని ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు. 1494లో తోర్దెసియాస్ ఒప్పందంతో ఈ రెండు దేశాలూ అట్లాంటిక్ మీద గీత గీసి లోకాన్ని పంచేసుకున్నాయి. గీతకి పడమర స్పెయిన్, తూర్పు పోర్చుగల్. 1529లో అవతలి వైపు కూడా ఇంకో గీత గీశారు. దాని ప్రకారం ఫిలిప్పీన్స్ పోర్చుగల్ వాటాలోకే వస్తుంది. స్పెయిన్ దాన్ని లెక్కచెయ్యలేదు. 1565లో స్పానిష్ నాయకుడు లెగాస్పి ఓడలు మెక్సికో నుంచి పసిఫిక్ దాటి సెబూ చేరాయి. వాటిలో ఉర్దానేత అనే అగస్తీనియన్ గురువు, ఆయన తోటివాళ్ళు ఉన్నారు. 1571లో మనీలా రాజధాని అయింది. అక్కడి నుంచి 1815 దాకా మెక్సికోలోని అకపుల్కోకీ మనీలాకీ మధ్య వెండి, పట్టు, ఉత్తరాలు మోస్తూ గాలియన్ ఓడలు తిరిగాయి. పాద్రెలూ ఆ ఓడల్లోనే వెళ్ళారు. అంటే మీ అమ్మాయి వింటున్న ‘పారి’ రోములో బయలుదేరి, స్పెయిన్‌లో మెత్తబడి, మెక్సికోలో ఓడ మారి మనీలాలో దిగింది.

మన వైపు వచ్చింది పోర్చుగీసువాళ్ళు. 1498లో వాస్కో డ గామా, 1500లో కబ్రాల్ ఓడలతో ఫ్రాన్సిస్కన్ సన్యాసులు, 1510 నుంచి గోవా. మేస్త్రీ, ఇస్త్రీ, అల్మారా, పీపా, బొత్తాం తెచ్చిన నోళ్ళే పాద్రీనీ తెచ్చాయి. మేస్త్రీ కూడా లాటిన్ పెద్దమనిషే: ‘మగిస్తెర్’ పోర్చుగీసులో ‘మెస్త్రె’ అయి, మన దగ్గర తాపీ పట్టుకున్నాడు. పోర్చుగీసువాళ్ళు చివరి ఎకారాన్ని నొక్కి పలకరు కాబట్టి మనకది ఇకారంలా వినిపించింది, మెస్త్రె మేస్త్రీ అయినట్టే పాద్రె పాద్రీ అయింది అనొచ్చు. కానీ ఒక్క చివరి అచ్చు చూసి తీర్పు చెప్పకండి. తగలోగ్ పారిలోనూ ఇకారమే ఉంది మరి, అది స్పానిష్ నుంచి వచ్చింది. చెప్పాను కదా, ఓడల దారే సాక్ష్యం.

నాకు ఈ మాటలో బాగా నచ్చేది ఆ ‘ద్ర’ దగ్గర జరిగిన తమాషా. సంయుక్తాక్షరం నోరు తిరగని భాషలు చాలా ఉన్నాయి. తగలోగ్, సెబూవానో వాళ్ళు ద వదిలేసి ర ఉంచుకున్నారు: పారి. అదే దేశంలో ఇలోకానో, బికోల్ వాళ్ళు ర వదిలేసి ద ఉంచుకున్నారు: పాది. పసిఫిక్‌లో గువామ్ దీవి చమోర్రోలు ద తీసేసి, ఉన్న రకారాన్ని లకారం చేశారు: పాలె. 1668లో శాన్ వితోరెస్ అనే స్పానిష్ జెస్యూట్ అక్కడ మిషన్ మొదలుపెట్టాడు, నాలుగేళ్ళకి హత్యకి గురయ్యాడు, పిలుపు మాత్రం ఉండిపోయింది. మలయ్‌వాళ్ళు మధ్యలో ఒక అచ్చు దూర్చి ‘పదెరి’ అన్నారు. చంద్రుణ్ణి చందురుడు చేసినట్టు మనమూ పాదిరి అనుకున్నాం. జపాన్‌వాళ్ళు పకారాన్ని బకారం చేసి, అచ్చు దూర్చి, చివర ఒక నకారం తగిలించి ‘బతెరెన్’ చేశారు. 1549లో కగోషిమా చేరిన ఫ్రాన్సిస్ జేవియర్ పుట్టింది ఇప్పటి స్పెయిన్‌లోని నవార్‌లోనే అయినా వెళ్ళింది పోర్చుగీసు రాజు అండతో, అందుకని అది పోర్చుగీసు ఖాతా. 1587లో జపాన్‌ని ఏలుతున్న హిదెయోషి ‘బతెరెన్లు దేశం వదిలిపొండి’ అని ఆజ్ఞ ఇచ్చాడు. మనీలా నుంచి స్పానిష్ ఫ్రాన్సిస్కన్లు అక్కడికి వెళ్ళేసరికి పేరూ స్థిరపడింది, ఆ పేరు మీద కోపమూ స్థిరపడింది. 1597లో నాగసాకిలో 26 మందిని శిలువ వేశారు. వాళ్ళలో ఈ ఫ్రాన్సిస్కన్లూ ఉన్నారు.

ఇంతకీ ఈ ప్రయాణంలో జారిపోయింది ‘నాన్న’. స్పానిష్‌లో కన్నతండ్రీ పాద్రెయే, చర్చి గురువూ పాద్రెయే. పోర్చుగీసులో మాత్రం కన్నతండ్రికి ‘పాయ్’ అనే మాట వాడుకలోకి వచ్చి, పాద్రె చర్చికే మిగిలింది. కాబట్టి మన పాద్రీ లిస్బన్ రేవులోనే నాన్నతనం దించేసి ఓడెక్కాడు. ఫిలిప్పీన్స్‌లో ఇంకో రకంగా జరిగింది. 1593లో మనీలాలో అచ్చయిన ‘దోక్త్రీనా క్రిస్తియానా’ అనే ప్రార్థనల పుస్తకంలో పరలోక ప్రార్థన తగలోగ్‌లో ‘ఆమా నామిన్’ అని మొదలవుతుంది. ఆమా అంటే వాళ్ళ సొంత మాట, నాన్న. దేవుడికి నాన్న అనే మాట అనువాదమై ఇంట్లోకి వచ్చింది. గురువుకి మాత్రం పరాయి మాట అలాగే ఉంచేశారు. మా బోసన్‌ని ఒకసారి అడిగాను, పారి అంటే నాన్న అని నీకెప్పుడైనా అనిపించిందా అని. “పారి అంటే పారి. నాన్న అంటే తాతాయ్. ఇందులో సందేహమేముంది?” అన్నాడు.

ప్రశ్న: శాన్ డియేగో పాద్రేస్ పేరు హునీపెరో సెర్రా, ఆయన తోటి సన్యాసుల జ్ఞాపకార్థం అంటారు. పుస్తకాల్లో ఆయన పేరుకి ముందు ‘ఫ్రాయ్’ అని ఉంటుంది. ఫ్రాయ్ అంటే సోదరుడట. ఇంతకీ ఆయన తండ్రా, సోదరుడా?
– బేస్‌బాల్ చూసే ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు

జవాబు: రెండూ. మఠంలో అందరూ అన్నదమ్ములు కాబట్టి ఫ్రాయ్. గురుపట్టం పొందాడు కాబట్టి పాద్రె. సంతకంలో ఫ్రాయ్ ఉంటుంది, ఎదురుపడి పిలిస్తే పాద్రె.

లాటిన్ ‘ఫ్రాతెర్’ దక్షిణ ఫ్రాన్స్ భాష మీదుగా తిరిగి స్పెయిన్ చేరి ‘ఫ్రాయిలె’ అయింది, పేరుకి ముందు వచ్చినప్పుడు కుదించుకుని ‘ఫ్రాయ్’ అయింది. ఇక్కడ చిత్రం చూడండి. ఈ మాటని సన్యాసులు పట్టుకుపోయారు కాబట్టి, స్పానిష్‌లో తోడబుట్టినవాడికి వేరే మాట కావలసి వచ్చింది. లాటిన్‌లో సొంత సోదరుణ్ణి ‘ఫ్రాతెర్ జెర్మానుస్’ అనేవారు. అందులో సోదరుడు మఠానికి వెళ్ళిపోయాడు, ‘సొంత’ ఇంట్లో మిగిలింది. అదే ‘ఎర్మానో’.

సెర్రా 1713లో మయోర్కా దీవిలో పెత్రా అనే ఊళ్ళో పుట్టాడు. 1769 జులై 16న శాన్ డియేగోలో, ఇప్పటి కాలిఫోర్నియాకి మొదటిదైన మిషన్ పెట్టాడు. 1784లో పోయాడు. 2015లో పోప్ ఫ్రాన్సిస్ ఆయన్ని పునీతుడిగా ప్రకటించినప్పుడు అక్కడి ఆదివాసులు చాలామంది నిరసన తెలిపారు, ఎందుకంటే ఆ మిషన్లలో వాళ్ళ పూర్వీకుల చేత చాకిరీ చేయించారు, పారిపోతే పట్టి తెచ్చి కొరడాతో కొట్టారు, రోగాలతో జనం రాలిపోయారు. 2020లో ఆయన విగ్రహాలు కొన్నిటిని కూల్చేశారు. జట్టు మాత్రం 1969లో మేజర్ లీగ్‌లోకి వచ్చినప్పటి నుంచీ ఆ పేరుతోనే ఆడుతోంది. దాని బొమ్మ, గోధుమరంగు అంగీ వేసుకుని బ్యాట్ ఊపే బట్టతల సన్యాసి. పేరు తండ్రులు, బొమ్మ సోదరుడు; మీ సందేహం జట్టు యాజమాన్యానికీ ఉన్నట్టుంది.

ఫిలిప్పీన్స్‌లో ఈ ఫ్రాయిలె ‘ప్రాయ్లె’ అయింది, వాళ్ళ నోట ఫకారం పకారమవుతుంది. పారి అనే మాట మామూలుగానే ఉండిపోయింది గానీ ప్రాయ్లె చేదెక్కింది. భూములు, అధికారం, ఊరి పెత్తనం స్పానిష్ మఠాలవాళ్ళ చేతిలో ఉండేవి. స్థానికంగా పుట్టిన గురువులకి మంచి చర్చిలు ఇవ్వడానికి వాళ్ళు ఒప్పుకునేవారు కాదు. ఆ హక్కు అడిగినవాళ్ళలో ముగ్గుర్ని – గోమెస్, బుర్గోస్, సమోరా – తిరుగుబాటు నేరం మోపి 1872 ఫిబ్రవరి 17న మనీలాలో గొంతు బిగించి చంపారు. ముగ్గురూ మఠాలకి చెందని గురువులే. 1887లో హోసే రిసాల్ రాసిన ‘నోలి మె తాంజెరె’ నవలలో పాద్రె దమాసో అనే ప్రాయ్లె ఉంటాడు, నోటి దురుసు, పెత్తనం అన్నీ ఉన్నవాడు. ఆ పేరు ఇప్పుడు అక్కడ తిట్టు. 2010లో మనీలా కేథడ్రల్‌లో ప్రార్థన జరుగుతుండగా ఒక టూరిస్ట్ గైడ్ ‘దమాసో’ అని ఒకే ఒక్క మాట రాసిన అట్ట పట్టుకుని నిలబడ్డాడు. ఆయన మీద కేసు పెట్టారు, కోర్టు శిక్ష కూడా వేసింది. బిరుదు జోలికి పోకుండా నవల్లో పాత్ర పేరుతోనే పని జరిగిపోయింది.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో స్పానిష్ నేర్చుకుంటున్నాను. ‘ఎల్ కూరా’ అంటే చర్చి గురువు, ‘లా కూరా’ అంటే వైద్యం. లింగం మారితే అర్థం ఇంత మారిపోతుందా?
– ఒక విద్యార్థిని

జవాబు: రెండు అర్థాలూ ఒక్క చోటి నుంచే. లాటిన్ ‘కూరా’ అంటే శ్రద్ధ, బాగోగులు చూసుకోవడం. ఒంటి బాగోగులు చూస్తే వైద్యం. ఆత్మల బాగోగులు చూడటానికి ‘కూరా అనిమారుం’ అని పేరు. ఆ బాధ్యత అప్పజెప్పిన మనిషినే ఆ బాధ్యత పేరుతో పిలిచారు. ఒక మనిషిని మనం ‘మా ఇంటి పెద్దదిక్కు’ అంటాం కదా, దిక్కు మనిషి కాకపోయినా. మనిషి మగవాడు కాబట్టి ముందు ‘ఎల్’ తగిలించారు, మాట చివర ఆడ అచ్చు అలాగే ఉండిపోయింది. ఫ్రెంచి ‘క్యూరే’, ఇంగ్లీషు ‘క్యూరేట్’, మ్యూజియం క్యూరేటర్ అంతా ఈ కూరా కుటుంబమే. మన వంకాయ కూరకి మాత్రం సంబంధం లేదు, రాసేముందే చెప్పేస్తున్నాను.

పాద్రె పిలుపు, కూరా ఉద్యోగం. మెక్సికో స్వాతంత్ర్యానికి 1810 సెప్టెంబర్ 16 తెల్లవారుజామున దొలోరెస్ ఊళ్ళో గంట కొట్టి జనాన్ని లేపిన మిగెల్ ఇదాల్గోని అక్కడ ‘ఎల్ కూరా ఇదాల్గో’ అంటారు, ఆ ఊరి చర్చి ఆయన చేతిలో ఉండేది కాబట్టి. తగలోగ్‌లో ఊరి చర్చి చూసుకునే గురువు ‘కూరా పారోకో’. ఆండీస్ కొండల్లో కెచువా భాషవాళ్ళు ‘తైతా కూరా’ అంటారు. తైతా అంటే నాన్న. కూరాని అప్పు తెచ్చుకుని, ముందు నాన్నని తగిలించారన్నమాట.

మెక్సికోలో నావాట్ల్ భాషవాళ్ళు అసలు అప్పే వద్దనుకుని ‘తెయోపిష్కి’ అన్నారు, దేవుడి సంగతి చూసుకునేవాడు అని. పైగా ఎదురు అప్పు ఇచ్చారు. 1524లో పన్నెండుమంది ఫ్రాన్సిస్కన్లు వట్టి కాళ్ళతో, చిరుగు అంగీలతో నడుచుకుంటూ వస్తుంటే జనం ‘మొతొలినియా, మొతొలినియా’ అని గొణుక్కున్నారు. వాళ్ళలో తొరీబియో అనే సన్యాసి అర్థం అడిగాడు. బీదవాడు అని చెప్పారు. నేను నేర్చుకున్న మొదటి మాట ఇదే, ఇకమీదట ఇదే నా పేరు అన్నాడాయన. చరిత్ర పుస్తకాల్లో ఆయన ఇప్పటికీ ఫ్రాయ్ తొరీబియో మొతొలినియాయే.

ప్రశ్న: పితృ శబ్దం నుంచే పతెర్ పుట్టిందని మా సంస్కృతం మాస్టారు అంటారు. అవునా?

జవాబు: మాస్టారికి నమస్కారాలు చెప్పండి. పుట్టలేదు. పితృ, పతెర్, ఫాదర్ ఒకే తాతకి మనవలు. ఒకరి కడుపున ఒకరు పుట్టలేదు. ఇలాంటి పోలికలు చూసే 1786లో కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని చెప్పాడు. ఇంగ్లీషు వైపు శాఖలో ప కాస్తా ఫ అయింది, అంతే.

ప్రశ్న: మత్తయి సువార్త 23వ అధ్యాయం 9వ వచనంలో భూమి మీద ఎవరినీ తండ్రి అని పిలవవద్దని ఉంది. అందుకే మా సంఘంలో పాస్టర్‌ని ఫాదర్ అనం. కానీ బ్రిటిష్ సైన్యంలో ప్రొటెస్టెంట్ బోధకుణ్ణి కూడా ‘పాద్రె’ అంటారు. ఇది తప్పు కాదా?
– ఒక సంఘ పెద్ద

జవాబు: అయ్యా, తప్పొప్పులు చెప్పేవాణ్ణి కాదు. ఇది ఎలా కుదిరిందో మాత్రం చెప్పగలను. ఇంగ్లీషువాళ్ళు ఈ మాటని తమ బైబిల్లోంచి తీసుకోలేదు, మన రేవుల్లో విన్నారు. ఇక్కడి జనం తెల్లదొరల బోధకుడెవరైనా సరే పాద్రీ అనేవారు. కేథలిక్కా, ప్రొటెస్టెంటా అని ఎవరు అడుగుతారు? 1886లో వచ్చిన ‘హాబ్సన్ జాబ్సన్’ అనే ఆంగ్లో ఇండియన్ నిఘంటువులో పాద్రె ఉంది. సిపాయిల నోట అది బిరుదుగా కాక ఉద్యోగం పేరుగా స్థిరపడింది. ఎదుటి మనిషిని ఫాదర్ అనడానికి సందేహించే ఇంగ్లీషు ప్రొటెస్టెంటు పాద్రె అనడానికి సందేహించడు. అందులో తండ్రి ఉన్నాడని అతనికి వినపడదు కాబట్టి. మీ సంఘంలో పాస్టర్‌ని అయ్యగారు అంటారా? అంటే ఆ ‘అయ్య’ని కూడా ఒకసారి చూసుకోండి మరి.

నేను దీన్ని కళ్ళారా చూశాను. ఇంగ్లండ్ రేవుల్లో ఓడ కట్టగానే నావికుల బాగోగులు చూసే చర్చి బోధకుడు, చాప్లిన్ అంటారు, ఎక్కేవాడు, ఉలెన్ టోపీలు, పాత పత్రికలు సంచీలో వేసుకుని. ఆయన ఆంగ్లికన్, అంటే ఇంగ్లండ్ ప్రొటెస్టెంట్ చర్చివాడు. ఇంగ్లీషు చీఫ్ ఇంజినీరు ఆయన్ని పాద్రె అనేవాడు, మా బోసన్ కూడా పాద్రె అనేవాడు. ఒకరిది పోర్చుగీసు ఖాతా, ఒకరిది స్పానిష్ ఖాతా. ఇద్దరూ ఒకే మాట అంటున్నారని నాకు తప్ప ఎవరికీ పట్టలేదు, నేను చెప్పినా ఎవరూ వినలేదు.

ప్రశ్న: స్పానిష్‌లో పోప్‌ని ఏమంటారు? పాపా అంటే నాన్న కూడానా?

జవాబు: ‘ఎల్ పాపా’ అని మొదటి అక్షరం నొక్కితే పోప్. ‘ఎల్ పపా’ అని చివర నొక్కితే నాన్న. ‘లా పాపా’ అంటే దక్షిణ అమెరికాలో బంగాళాదుంప. మొదటిది గ్రీకు నుంచి లాటిన్ మీదుగా వచ్చింది, రెండోది ఫ్రెంచి పద్ధతి చూసి నేర్చుకున్న నొక్కు, మూడోది అచ్చమైన కెచువా మాట, దానికి రోముతో పనిలేదు. పెరూలో కయావో రేవు దగ్గర ఒక హోటల్ బోర్డు మీద ‘పాపా రెయేనా’ అని చూసి, నా రెండు పాఠాల పుస్తకం అరువు తీసుకున్న కేడెట్ కుర్రాడు బిత్తరపోయి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు: “సార్, ఇక్కడ పోప్‌ని కూరి వేయిస్తారట!” వెళ్ళి చూస్తే బంగాళాదుంప ముద్దలో కైమా పెట్టి నూనెలో వేయించింది. ఇద్దరం చెరి రెండు తిన్నాం.